కౌంట్ బేసీ జీవితాన్ని విశాఖలో రెండు గంటల్లో వినిపించడం ఎలా

స్వింగ్ కాలానికి (జాజ్ సంగీతానికి జనం నాట్యం చేసిన 1930లు, 40లకు) చెందిన ఒక అమెరికన్ బిగ్ బ్యాండ్ నాయకుడి జీవితాన్ని విశాఖపట్నంలో పాతిక ముప్పై మంది శ్రోతలకు ఒక సాయంత్రం వినిపించాలని అనుకునేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ముప్పై పాటలను సంవత్సరాల వరుసలో పేర్చుకుని, ఒక్కో పాటకు ముందు రికార్డింగు తేదీ, వాద్యకారుల పేర్లు చదువుతూ వెళ్లాను. పన్నెండో పాట వచ్చేసరికి వెనుక వరుసలోని వారు ఒకరి తర్వాత ఒకరు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు; ముందు వరుసలోని పెద్దలు లేచి వెళ్లడం మర్యాద కాదని కూర్చునే కునుకు తీశారు. తప్పు పాటలదీ కాదు, శ్రోతలదీ కాదు. జీవితం చెబుతానని పిలిచి నేను జాబితా చదివాను.

మొదట నాయకుణ్ణి ఎంచుకోవాలి. డ్యూక్ ఎలింగ్టన్ 1963లో భారతదేశానికి వచ్చి కచేరీలు చేసినందువల్ల ఆ పేరు మన పెద్దవారిలో కొందరికి తెలుసు, అడిగేవారూ ఉంటారు. కానీ ఆయన ముందుగా స్వరకర్త, ఆయన రచనలకు పది సాయంత్రాలైనా చాలవు. గ్లెన్ మిల్లర్ ప్రయాణిస్తున్న విమానం 1944 డిసెంబరు 15న ఇంగ్లిష్ చానెల్ మీద అదృశ్యమైంది. ఆయన కథ చెబితే శ్రోతలు ఆ విమానాన్నే మోసుకుని ఇంటికి వెళతారు. ఆర్టీ షా 1954 తర్వాత క్లారినెట్‌ను ముట్టనే లేదు, పైగా ఎనిమిది పెళ్లిళ్లు చేసుకున్నాడు కాబట్టి ప్రశ్నల సమయమంతా దేనికి పోతుందో ఊహించవచ్చు. నేను కౌంట్ బేసీని సూచిస్తాను. 1935 నుంచి 1984లో మరణించేదాకా, మధ్యలో రెండేళ్ల విరామం మినహా, ఆయన పెద్ద బ్యాండు నడిపాడు. ఎదుగుదల, పతనం, మళ్లీ ఎదుగుదల ఒకే జీవితంలో ఉన్నాయి. ఆయన సంగీతంలో ఎక్కువ భాగం బ్లూస్ చట్రంలో నడుస్తుంది కనుక తాళం తెలిసిన తెలుగువారు వేళ్ల మీద లెక్కపెట్టుకోగలరు.

పేరు గురించి ఒక జాగ్రత్త అవసరం. అసలు పేరు విలియం జేమ్స్ బేసీ. ‘కౌంట్’ అనేది ఐరోపా కులీనుల బిరుదు. అలాంటి బిరుదుల్లాగే వినిపించే డ్యూక్ ఎలింగ్టన్, ఎర్ల్ హైన్స్ వంటి పేర్ల సరసన నిలబడాలని ఒక రేడియో ప్రకటనకర్త తగిలించాడన్నది ప్రచారంలో ఉన్న కథ. ఈ సంగతి ముందే చెప్పకపోతే, ఆయన తాళం లెక్కపెట్టేవాడు కాబట్టి ఆ పేరు వచ్చిందా అని మా సభలో ఒక పెద్దాయన అడిగినట్టే మీ సభలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. జమీందారీల ప్రాంతంలో పుట్టిన మనకు ‘మన దొరగారు’ అన్నట్టు అని చెబితే ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

పద్దుపుస్తకం వైపు నుంచి చెప్పండి

బ్యాండు నాయకుడి జీవితాన్ని పాటల వైపు నుంచి చెబితే అది పాటల జాబితా అవుతుంది, పేరుప్రఖ్యాతుల వైపు నుంచి చెబితే సన్మానపత్రం అవుతుంది. నాకు పనికొచ్చిన దారి మూడోది: ప్రతి ఘట్టంలోనూ ‘ఈ వారం పదహారు మందికి జీతం ఎక్కడి నుంచి వచ్చింది?’ అన్న ఒక్క ప్రశ్న వేసుకోవడం. ఒక పొడవాటి పుస్తకం తీసుకుని నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో సంవత్సరం, రెండోదానిలో అప్పుడు కుర్చీల్లో కూర్చున్న వాద్యకారులు, మూడోదానిలో డబ్బు ఇచ్చినవాడు, నాలుగోదానిలో ఆ సంవత్సరం మన ప్రాంతంలో జరిగిన ఒక సంగతి రాయండి. నాలుగో గడి అలంకారం కోసం కాదు. బేసీ బ్యాండు కాన్సాస్ సిటీ విడిచి బయటపడిన 1936లోనే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారని చెబితే, ఆ కాలం మన శ్రోతలకు చేతికందే దూరంలోకి వస్తుంది. అలాగే 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాను బాంబులు పడ్డాయి; అదే సంవత్సరం ఆగస్టు 1న అమెరికాలో వాద్యకారుల సంఘం రికార్డింగులను నిలిపివేసింది. రెండింటికీ ముడిపెట్టవద్దు, ఒకే పేజీలో పక్కపక్కన ఉంచితే చాలు.

సభకు రెండు వారాల ముందు మీ పేటలోని పెళ్లి బ్యాండు మేళం యజమాని ఒకరిని కలిసి, ఒక గంట మాట్లాడండి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న పని, ఇప్పుడు ఎవరు అడిగినా మొదట దీన్నే చెబుతున్నాను. బయానా ఎంత తీసుకుంటారు, క్లారినెట్ వాయించే మనిషి ముహూర్తం రోజున వేరే మేళానికి వెళ్లిపోతే ఏం చేస్తారు, ఆషాఢంలోనూ మూఢంలోనూ పెళ్లిళ్లు లేనప్పుడు మనుషులు చెదిరిపోకుండా ఎలా నిలబెట్టుకుంటారు అని అడగండి. మంచి వాయిద్యగాణ్ణి ఆఫ్‌సీజన్‌లో వదులుకుంటే సీజన్‌లో దొరకడని, నిలబెట్టుకుంటే అప్పు పెరుగుతుందని ఆయన చెప్పే నాలుగు మాటలు, 1950లో బేసీకి ఏం జరిగిందో పుస్తకాలకన్నా బాగా చెబుతాయి. వీలైతే ఆయన్నే సభకు పిలిచి, ముందు వరుసలో కుర్చీ వేయండి.

పద్దు ఎలా నింపాలి

పుట్టుకను రెండు వాక్యాల్లో ముగించండి: 1904 ఆగస్టు 21న న్యూజెర్సీలోని రెడ్ బ్యాంక్‌లో పుట్టాడు, తల్లి దగ్గర పియానో మొదలుపెట్టాడు, న్యూయార్క్ నగరంలోని హార్లెమ్‌లో ఫ్యాట్స్ వాలర్ దగ్గర ఆర్గాన్ మెళకువలు నేర్చుకున్నాడు. ఆ తర్వాత నాటక, వినోద బృందాలతో ఊరూరా తిరుగుతూ ఒక బృందం చెదిరిపోవడంతో కాన్సాస్ సిటీలో చిక్కుకుపోయాడు. కంపెనీ మూతపడి నటులు పరాయి ఊళ్లో మిగిలిపోవడం మన నాటక సమాజాల చరిత్రలో కొత్త కాదు కనుక ఈ ముక్క మీద ఎక్కువ సేపు ఆగనవసరం లేదు. ఆపైన వాల్టర్ పేజ్ నడిపిన బ్లూ డెవిల్స్‌లోనూ, 1929 నుంచి బెన్నీ మోటెన్ బ్యాండులోనూ పియానో వాయించాడు. 1932 డిసెంబరు 13న మోటెన్ బ్యాండు న్యూజెర్సీలోని కామ్డెన్‌లో రికార్డింగుకు వచ్చేసరికి ఆ యాత్రలో చేతిలో డబ్బు లేక వాద్యకారులు ఆకలితో ఉన్నారు. ఆ రోజు రికార్డు చేసిన ‘మోటెన్ స్వింగ్’ మీ మొదటి పాట కావాలి. ఆకలి సంగతి పాట తర్వాత చెప్పండి, ముందు చెప్పవద్దు. ఆ ఉత్సాహం విన్నాక తెలిస్తేనే శ్రోతలు ఉలిక్కిపడతారు.

1935లో మోటెన్ టాన్సిల్స్ శస్త్రచికిత్సలో మరణించడంతో బేసీ కొందరిని కూడగట్టుకుని కాన్సాస్ సిటీలోని రీనో క్లబ్‌లో తొమ్మిది మందితో వాయించసాగాడు. ఆ క్లబ్ నుంచి ఒక చిన్న రేడియో కేంద్రం రాత్రిపూట ప్రసారం చేసేది. 1936 ఆరంభంలో జాన్ హామండ్ అనే సంగీత నిర్మాత షికాగోలో తన కారు రేడియోలో ఆ ప్రసారాన్ని పట్టుకుని, తర్వాత పనిగట్టుకుని కాన్సాస్ సిటీ వచ్చాడు. ఇక్కడే పద్దులో మొదటి పెద్ద దెబ్బ రాయాలి: హామండ్ చేరేలోగా డెక్కా రికార్డుల కంపెనీ ప్రతినిధి ముందే వచ్చి, 750 డాలర్లకు 24 పాటలు, రాయల్టీ ఏమీ లేదు అన్న ఒప్పందం మీద బేసీ చేత సంతకం చేయించుకున్నాడు. బల్ల మీద కాగితం పెట్టి భాగించి చూపించండి. ఒక్కో పాటకు 31 డాలర్ల పావు. వాటిలో కొన్నింటిని తొంభై ఏళ్ల తర్వాత మనం విశాఖలో కూర్చుని వింటున్నాం.

ఆ ఒప్పందం నుంచి పుట్టిన ఒక చమత్కారం మీ రెండో పాటకు దారి వేస్తుంది. 1936 నవంబరులో హామండ్ షికాగోలో అయిదుగురితో ఒక చిన్న రికార్డింగు చేయించాడు. కానీ డెక్కా ఒప్పందం వల్ల బేసీ పేరు వాడటానికి వీల్లేదు. అందుకని డ్రమ్స్ వాయించిన జో జోన్స్ పేరులోంచి, ట్రంపెట్ వాయించిన కార్ల్ స్మిత్ పేరులోంచి చెరొక ముక్క తీసుకుని ‘జోన్స్-స్మిత్ ఇన్‌కార్పొరేటెడ్’ అని అచ్చు వేశారు. టెనర్ సాక్సాఫోన్‌పై లెస్టర్ యంగ్‌కు అదే తొలి రికార్డింగు. ఆ రోజు వాయించిన ‘లేడీ బి గుడ్’ను వినిపించి, ఆ సాక్సాఫోన్ నాదం ఎంత తేలికగా, ఊపిరి వదిలినట్టు ఉందో చెవికి పట్టించండి. ఇక్కడ మీరు మాట్లాడకపోవడమే మంచిది. ఆ సోలో గురించి నేను ఎన్నిసార్లు ఎన్ని మాటలు అన్నా అవి సోలో కన్నా బరువుగానే ఉన్నాయి.

పెద్ద ఊళ్లో తొలి నెలలు బాగా గడవలేదని దాచకుండా చెప్పాలి. షికాగోలోని గ్రాండ్ టెరేస్ క్లబ్‌లో నాట్య ప్రదర్శనకు రాసిన స్వరపత్రాలు చదివి వాయించవలసి వచ్చేసరికి, నోటిపట్టుగా వాయించడానికి అలవాటుపడ్డ ఈ బృందం తడబడింది. ఫ్లెచర్ హెండర్సన్ తన సొంత బ్యాండు స్వరపత్రాలను అరువిచ్చి ఆదుకున్నాడు. పోటీదారు తన పుస్తకం తీసి ఇవ్వడం ఏ వృత్తిలోనూ తరచుగా జరిగే సంగతి కాదు. న్యూయార్క్‌లో రోజ్‌లాండ్ నాట్యశాలకు చేరాక ఒక పత్రికా విమర్శకుడు వీరికి శ్రుతి లేదని ఉతికి ఆరేశాడు. గుంపును పదమూడు మందికి పెంచినందుకు జీతాల భారం పెరిగింది, పేరు మాత్రం ఇంకా రాలేదు.

1937లో రెండు సంగతులు జరిగాయి. జులై 7న ‘వన్ ఓ క్లాక్ జంప్’ రికార్డయింది; దీని గురించి తాళం దగ్గర విడిగా చెబుతాను. రెండోది, గాయని బిల్లీ హాలిడే ఈ బ్యాండుతో పాడింది. ఆమె వేరే కంపెనీకి ఒప్పందంలో ఉండటం వల్ల వీరిద్దరూ కలిసి స్టూడియో రికార్డు ఒక్కటీ చేయలేకపోయారు. మిగిలినవి 1937 నాటి రేడియో ప్రసారాల నుంచి పట్టిన కొన్ని ముక్కలు మాత్రమే. నాలుగో పాటగా ఆ రేడియో ముక్కల్లో ఒకటి, ‘స్వింగ్, బ్రదర్, స్వింగ్’, తప్పకుండా వినిపించండి, దాని గరగరతో సహా. అదే సందర్భంలో ఆమె తన ఆత్మకథలో రాసుకున్న ఒక సంఘటన చెప్పాలి: డెట్రాయిట్‌లో ఒక థియేటరు వారు, ఆమె ఒంటి రంగు లేతగా ఉండి నల్లజాతి పురుషుల మధ్య శ్వేతజాతి స్త్రీ అనుకుంటారేమోనని, ముఖానికి నల్లరంగు పూసుకోమన్నారు. యాత్రలో హోటలు గది దొరకకపోవడం, భోజనం దొరకకపోవడం ఇలాంటి బ్యాండ్ల పద్దులో రోజువారీ ఖర్చు. వివక్ష గురించి వేరే ఉపన్యాసం ఇవ్వనవసరం లేదు, ఈ ఒక్కటి చాలు; మన దగ్గర సభలో కూర్చున్నవారికి ఇంకా విడమరచి చెప్పాల్సిన పని లేదు.

1938 జనవరి 16వ తేదీకి పది నిమిషాలు కేటాయించండి. ఆ సాయంత్రం మరో బ్యాండు నాయకుడు బెన్నీ గుడ్‌మన్ కార్నెగీ హాల్లో చేసిన ప్రసిద్ధ కచేరీలో బేసీ, తన బృందంలోని కొందరితో కలిసి అతిథిగా వాయించాడు. అది ముగియగానే హార్లెమ్‌లోని సవాయ్ నాట్యశాలకు వెళ్లి, డ్రమ్మర్ చిక్ వెబ్ బ్యాండుతో పోటీకి దిగాడు. రెండు మేళాలు ఎదురెదురుగా వాయించుకునే పోటీ మన ఊరేగింపుల్లో చూసినవారికి ఈ దృశ్యం వర్ణించనక్కరలేదు. ఎవరు గెలిచారన్న విషయంలో ఆ రాత్రి నుంచీ వాదనలున్నాయి కనుక తీర్పు చెప్పకండి. అదే సంవత్సరం వేసవిలో న్యూయార్క్ 52వ వీధిలోని ఫేమస్ డోర్ అనే ఇరుకు క్లబ్‌లో బేసీకి చోటు దొరకడానికి కారణం వినడానికి నవ్వొస్తుంది: క్లబ్‌కు ఎయిర్ కండిషనర్ పెట్టించడానికి బేసీ ఏజెన్సీ అప్పు ఇచ్చింది. అక్కడి నుంచి వెళ్లిన రేడియో ప్రసారాలు బ్యాండును దేశమంతటికీ చేర్చాయి. విశాఖలో మే నెల ఉక్కపోత అనుభవించినవారికి ఈ వ్యాపార తర్కం వెంటనే ఒంటపడుతుంది.

యుద్ధకాలం గురించి వేగంగా వెళ్లవచ్చు. పెట్రోలు, టైర్ల రేషను బస్సు యాత్రలను కుదించింది. 1942లో మొదలైన రికార్డింగు సమ్మె కొన్ని పెద్ద కంపెనీల్లో 1944 నవంబరు దాకా సాగింది. జో జోన్స్, లెస్టర్ యంగ్ ఇద్దరినీ 1944లో సైన్యంలోకి తీసుకున్నారు. నాట్యశాలల మీద పన్ను పడింది. 1946 డిసెంబరు చుట్టూ గుడ్‌మన్, హ్యారీ జేమ్స్, టామీ డార్సీ, వుడీ హర్మన్ మొదలైనవారు తమ బ్యాండ్లను రద్దు చేసుకున్నారు. బేసీ మరి మూడేళ్లు ఈడ్చి, 1950లో తానూ చేతులెత్తేసి ఏడెనిమిది మంది బృందంతో సరిపెట్టుకున్నాడు. ఆయనకు గుర్రప్పందేల మోజు ఉండేదన్నది అందరికీ తెలిసిన విషయమే. కానీ బ్యాండు పోయింది గుర్రాల వల్ల కాదు, పెద్ద బ్యాండుకు డబ్బిచ్చే నాట్యశాలల కాలం తీరిపోవడం వల్ల. ఇక్కడ బ్యాండు మేళం యజమానిని లేచి రెండు మాటలు చెప్పమనండి, ఆ తర్వాత 1950 నాటి చిన్న బృందం పాట ఏదో ఒకటి వేయండి. ట్రాంబోన్ల గోడ లేకుండా ఆ పియానో ఎంత ఒంటరిగా వినిపిస్తుందో శ్రోతలే గమనిస్తారు.

1952లో ఆయన మళ్లీ పెద్ద బ్యాండు పెట్టాడు. ఈ భాగం శ్రోతలకు నీరసంగా అనిపించే ప్రమాదం ఉంది, ఎందుకంటే రెండో ఎదుగుదలలో నాటకీయత తక్కువ. కాబట్టి మారిన సంగతి మీద దృష్టి పెట్టండి. 1937 నాటి బ్యాండు మనుషుల మీద నిలబడింది. లెస్టర్ యంగ్ వెళ్లిపోతే ఆ చోటు అలాగే ఖాళీగా ఉండిపోయింది. 1952 తర్వాతి బ్యాండు రాతప్రతుల మీద నిలబడింది. నీల్ హెఫ్తీ, ఎర్నీ విల్కిన్స్, ఫ్రాంక్ ఫాస్టర్ వంటివారు రాసిన స్వరపత్రాలుంటే ఒక మనిషి వెళ్లినా ఇంకొకడు వచ్చి ఆ కుర్చీలో కూర్చుని చదివి వాయించగలడు. పాతకాలపు అభిమానులు దీన్ని నష్టం అన్నారు, నా మనసు కూడా పాత బ్యాండు వైపే ఉంది. కానీ పద్దుపుస్తకం మాత్రం కొత్త బ్యాండు వైపే మాట్లాడుతుంది. 1954లో జో విలియమ్స్ గాయకుడిగా చేరాడు, 1955లో ‘ఏప్రిల్ ఇన్ పారిస్’ రికార్డయింది, 1957లో ‘ది అటామిక్ మిస్టర్ బేసీ’ ఆల్బమ్ రికార్డయింది, 1959లో మొట్టమొదటి గ్రామీల్లోనే రెండు దక్కాయి. మన నాలుగో గడిలో 1957 పక్కన విశాఖ చమురు శుద్ధి కర్మాగారం మొదలైందని రాసుకోండి. 1960లలో ఫ్రాంక్ సినాట్రాతో చేసిన రికార్డుల పేర్లు చెప్పి ముందుకు సాగండి, వాటిని ఇష్టపడేవారు ఇంటికి వెళ్లి తామే వింటారు.

ఆది తాళంతో లెక్కపెట్టించడం

ఇప్పుడు తాళం గురించి. సభలో అందరికన్నా ఎక్కువ ఆనందం ఇచ్చేది ఇదే, అందుకే ‘వన్ ఓ క్లాక్ జంప్’ మూడో పాటగా వచ్చినప్పుడు మూడు విడతలుగా నడపాలి. బ్లూస్ ఒక చుట్టుకు పన్నెండు కొలతలు, కొలతకు నాలుగు దెబ్బలు, మొత్తం 48 దెబ్బలు. 48 అంటే ఎనిమిది అక్షరాల ఆది తాళంలో సరిగ్గా ఆరు ఆవర్తనాలు. పడే చోట్లు కూడా అంతే చక్కగా కుదురుతాయి: మొదటి రెండు ఆవర్తనాలు ఆధార స్వరసంపుటి (కలిపి మోగించే స్వరాల గుత్తి, అంటే కార్డ్) మీద ఉంటాయి, మూడో ఆవర్తనంలో సంగీతం మధ్యమం మీది సంపుటికి వెళుతుంది, నాలుగులో ఇంటికి వస్తుంది, అయిదులో పంచమం వైపు లాగుతుంది, ఆరులో మళ్లీ ఇల్లు. ఈ పాటలో ఒక్కో చుట్టు సుమారు పదహారు, పదిహేడు సెకన్లలో తిరిగిపోతుంది కనుక ముందు పాట లేకుండా నెమ్మదిగా, చేతులతో మాత్రమే ఆరు ఆవర్తనాలు వేయించండి. తర్వాత పాట వేసి, మీరు ఒక్కరే తాళం వేసి చూపించండి. మూడోసారి అందరి చేత వేయించండి.

శ్రోతలకు తబ్బిబ్బు కలిగించే విషయం ఒకటుంది. మన చేయి గట్టిగా పడేది మొదటి అక్షరం మీద. స్వింగ్‌లో బరువు రెండు, నాలుగు దెబ్బల మీద పడుతుంది. ఆది తాళంలో దీన్ని చూపడం సులువు. లఘువులో చిటికెన వేలు, నడిమి వేలు లెక్కపెట్టే చోట, ద్రుతాల్లో చేయి విసిరే చోట జో జోన్స్ హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) పళ్లేలు మూసుకుంటాయి. అంటే మన తాళంలో శబ్దం లేని విసురు దగ్గరే వారి శబ్దం ఉంటుంది. పూర్వపు డ్రమ్మర్లు కాలితో పెద్ద డ్రమ్మును బలంగా కొడుతూ లయను నేల మీద నడిపితే, జోన్స్ దాన్ని ఈ పళ్లేల మీదికి ఎత్తాడు. బేసీ బ్యాండు తేలుతున్నట్టు వినిపించడానికి ప్రధాన కారణం అది. ఇదొక్కటి అర్థమైతే చాలు, మా సభలో ఒక మృదంగ విద్యార్థి మిగతా సాయంత్రమంతా విసుర్లే వేస్తూ కూర్చున్నాడు.

రెండోసారి వేసేటప్పుడు ఇంకొకటి చూపించండి. బేసీ పియానోతో మొదలైన పాట కొంతసేపటికి హర్షెల్ ఎవన్స్ టెనర్ సాక్సాఫోన్ ప్రవేశించే క్షణంలో ఎఫ్ శ్రుతి నుంచి డి-ఫ్లాట్ శ్రుతికి మారుతుంది. తంబురా శ్రుతికి అలవాటుపడిన మన చెవికి షడ్జమమే జరిగిపోయినట్టు అనిపిస్తుంది, అనిపించాలి కూడా. ఆ తర్వాత ట్రాంబోన్, లెస్టర్ యంగ్, బక్ క్లేటన్ ట్రంపెట్ ఒక్కొక్కటిగా వస్తాయి. ఒకరు సోలో వాయిస్తుండగా వెనుక మిగిలినవారు పట్టుకునే చిన్న స్వరముక్కను రిఫ్ అంటారు. బుర్రకథలో కథకుడు పాడుతుంటే వంతలు అందుకునే మాట ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే పనిచేస్తుంది. చివరి చుట్లలో సోలోలు ఆగిపోయి వంతలే పాటను మోసుకుపోతాయి. ఇదంతా కాగితం మీద రాయకుండా, రాత్రుళ్లు వాయిస్తూ వాయిస్తూ నోటిపట్టుగా కుదిరిన కూర్పు. నోటిపట్టు కూర్పు ఎలా పుడుతుందో చెప్పమంటే ఏ భజన బృందాన్నైనా చూపించవచ్చు.

గది, స్పీకరు, ఫ్యాన్లు

ఏడు పాటలు చాలు, ఎనిమిదోది పెట్టవద్దు. 78 ఆర్‌పీఎం పది అంగుళాల రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే వాయిస్తుంది, కాబట్టి రెండు గంటల్లో వినడానికి సుమారు అరగంట పోతుంది, మిగతాది చెప్పడానికి, తాళానికి, ప్రశ్నలకు. మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు అరవై ఏళ్లు ఉంటుంది; ఈ ఏడూ ఆ గడువు దాటినవే. అయితే స్వరరచన మీద హక్కు వేరు, అది రచయిత మరణానంతరం అరవై ఏళ్లు నడుస్తుంది కనుక టిక్కెట్టు పెట్టే సభ అయితే అనుమతుల సంగతి చూసుకోవాలి. నేనైతే టిక్కెట్టు వద్దంటాను.

1930ల రికార్డులు మోనో, అంటే శబ్దమంతా ఒకే దారిలో వస్తుంది. రెండు పెద్ద స్పీకర్లకు అద్దె కట్టడం కన్నా ఒక మంచి స్పీకరును గది మధ్య గోడకు ఆనించి చెవి ఎత్తులో పెట్టడం మేలు. బాస్ పెంచవద్దు. పెంచితే వాల్టర్ పేజ్ బాస్ తీగ ఉబ్బిపోయి, దాని పక్కనే ఉన్న ఫ్రెడ్డీ గ్రీన్ గిటార్ మునిగిపోతుంది. గ్రీన్ 1937లో చేరి 1987లో మరణించేదాకా ఆ బ్యాండులోనే ఉన్నాడు, బేసీ పోయాక కూడా. ఆంప్లిఫయర్ లేని గిటారుతో కొలతకు నాలుగు దెబ్బలు వేయడమే యాభై ఏళ్ల ఉద్యోగం, సోలోలు దాదాపు లేవు. ఆ గిటారు వినబడకపోయినా లేకపోతే తెలుస్తుందని వాద్యకారులు అంటారు. దాన్ని నిజంగా వినిపించాలంటే సీలింగ్ ఫ్యాన్లు ఆపాలి, ఎందుకంటే ఫ్యాన్ల గాలి చప్పుడు సరిగ్గా ఆ గిటారు మీదే కూర్చుంటుంది. విశాఖలో ఫ్యాన్లు ఆపి మనుషులను కూర్చోబెట్టగల నెలలు డిసెంబరు, జనవరి మాత్రమే. కార్తీక మాసపు ఆదివారాల్లో పెట్టవద్దు, అందరూ వనభోజనాల్లో ఉంటారు. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం; దాని విన్యాసాలు విశాఖలో జరిగే రోజున బీచ్‌రోడ్డు దాటి ఎవరూ రాలేరు.

చోటు విషయంలో ద్వారకానగర్ పౌర గ్రంథాలయం వంటి పుస్తకాల మధ్య జరిగే సభలకు అలవాటైన ప్రదేశం, లేదా ఎవరి ఇంటి పై అంతస్తు గదైనా సరే, పెద్ద ఆడిటోరియం కన్నా నయం. కుర్చీలను వరుసల్లో కాకుండా అర్ధచంద్రాకారంలో వేస్తే తాళం వేసేవారు ఒకరి చేతులు ఒకరు చూసుకోగలరు. నౌకాదళ బ్యాండులో పనిచేసి రిటైరైన వాద్యకారులు మన ఊళ్లో ఉన్నారు; తెలిసినవారెవరైనా ట్రంపెట్ తెచ్చి, మ్యూట్ (నాదాన్ని అణిచే మూత) పెట్టి ఒకసారి, తీసి ఒకసారి అదే నాలుగు స్వరాలు వాయించి చూపిస్తే, బక్ క్లేటన్ సోలోకు మీరు ఇవ్వగల వివరణలన్నీ అనవసరమవుతాయి. ఆయనకు శాలువా కప్పే కార్యక్రమం పెట్టుకోదలిస్తే టీ విరామంలో పెట్టుకోండి. మేము మధ్యలో పెట్టి, అప్పటికి కుదిరిన తాళాన్ని చెడగొట్టుకున్నాం.

చివరి పావుగంట ఇలా నడపండి. ‘ఏప్రిల్ ఇన్ పారిస్’ ఆరో పాట; ముగిసిందనుకున్నాక మరోసారి, మరోసారి అంటూ ముగింపును తిరగతోడటం వల్ల శ్రోతలు చప్పట్లు ముందే కొట్టి నాలుక కరుచుకుంటారు. వారిని ముందుగా హెచ్చరించవద్దు. తర్వాత 1976లో గుండెపోటు వచ్చినా, చివరి సంవత్సరాల్లో చక్రాల కుర్చీలో వేదిక మీదికి రావలసి వచ్చినా ఆయన యాత్రలు మానలేదని, 1984 ఏప్రిల్ 26న ఫ్లారిడాలోని హాలీవుడ్‌లో మరణించాడని, బ్యాండు ఆయన పేరుతోనే కొనసాగిందని రెండు మూడు వాక్యాల్లో చెప్పి ఆగండి. పద్దుపుస్తకంలో ఆఖరి గడి ఖాళీగానే చూపించండి.

ఏడో పాట ‘లిల్ డార్లిన్’. నీల్ హెఫ్తీ దీన్ని వేగంగా వాయించడానికి రాశాడు, బేసీ నడక తగ్గించి ఇంత నెమ్మది చేశాడు. నాయకుడు చేసిన పని అదే. అంత నెమ్మది నడకలో పదహారు మంది కలిసి ఒక్కటిగా వాయించడం ఎంత కష్టమో నౌకాదళ వాద్యకారుణ్ణి అడిగితే చెబుతారు. దీపాలు సగం తగ్గించండి, ఫ్యాన్లు అన్నీ ఆపండి, తాళం వేయవద్దని ముందే చెప్పండి. స్పీకరు పక్కన మీరు కూడా నిలబడకుండా కూర్చోండి. గ్రీన్ గిటారు మొదటిసారి స్పష్టంగా వినబడుతుంది. పాట పూర్తయ్యాక ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టేదాకా కదలకండి, ఆ తర్వాత ఫ్యాన్లు వేయవచ్చు.